రోగం మాటెత్తితే పాట

నరసన్నపేట బజారులో తిరుమలరావు ఎరువుల కొట్టు పైన ఒక మేడగది ఉంది. పొద్దు వాలితే చాలు, ఆ గదిలోంచి మగాళ్ళ నవ్వులు మెట్లమీద దొర్లుకుంటూ వీధిలోకి వచ్చిపడేవి. తలుపు మీద 'సంధ్యా మిత్రమండలి' అని బోర్డు రాయించుకున్నారు. రంగు దండగే గానీ ఆ పేరుతో పిలిచిన మనిషి లేడు. ఊరందరికీ అది మేడమీద సంఘం.

అక్కడ పేకాట లేదు, మందు లేదు. ఉన్నదల్లా ఒక కేరమ్స్ బల్ల, ఫ్లాస్కు నిండా టీ, కింద బండిమీద వేయించి తెచ్చిన ఉల్లి పకోడీ. ఇక నోరు. దానికి అలుపన్నది లేదు. వాన పడుతుందా పడదా, ఏ ఊళ్ళో ఏ వరి పొట్టకొచ్చింది, ఎవరింటి పెళ్ళిలో పప్పు మాడింది, అన్నీ ఆ గదిలో తేలాల్సిందే. ఏడాదికోసారి కార్తీక మాసంలో, ఆడవాళ్ళు లేకుండా, వాళ్ళంతట వాళ్ళే ఎక్కడికైనా వనభోజనాలకి పోవాల్సిందే.

నరసింగరావుకి ఆ గదంటే ప్రాణం. ఆయనది కోటబొమ్మాళి పక్క పల్లె. బురదలో పుట్టి బురదలో పెరిగిన రైతు. కొడుకు రమేష్‌బాబుకీ కోడలు అనితకీ పేటలో ఉద్యోగాలైతే, మనవల్ని చూసుకోవాలని పొలం తమ్ముడికి ఒప్పజెప్పి, భార్య దేముడమ్మని తీసుకుని పేటకి వచ్చేశాడు. పల్లెలో అయితే తెల్లారిన దగ్గర్నుంచి గట్టు గట్టుకీ పలకరింపులే. ఇక్కడేముంది, గోడకి గోడ, గోడ మీద టీవీ. మొదటి నెలలోనే మనిషి సగమైపోయాడు. తిరుమలరావు దేముడమ్మకి అన్న. ఒకరోజు వచ్చి చెయ్యి పట్టుకుని లేవదీశాడు.

"రా బావా, ఇంట్లో ఇలగ కూకుంటే నాచు పట్టిపోతావు," అని మేడెక్కించాడు.

ఆ వేళ నుంచి నరసింగరావు పగలంతా సాయంత్రం కోసమే బతికాడు.

ఆ సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. ఇంకే ఊళ్ళోనూ ఉండి ఉండదు. మొదట్లో అక్కడ చేరినవాళ్ళంతా రోగాల కబుర్లే చెప్పుకునేవారు. ఒకరిది షుగరంటే ఒకరిది బీపీ. నాది ఎక్కువంటే నాది ఎక్కువని పందెం. ఒక సాయంత్రం, ఆర్టీసీ బస్సు తోలి తోలి రిటైరైన గిరిబాబు, డాక్టరు తన కడుపులోకి గొట్టం వేసి చూసిన వైనం మొదలెట్టాడు. గొట్టం గొంతు దిగే వేళకి అందరి చేతుల్లోనూ పకోడీ ఉంది. అనంతపద్మనాభం మేష్టారు పొట్లం కింద పెట్టేసి లేచారు. ఆయన విజయనగరంలో సంగీతం నేర్చుకుని, బళ్ళో పిల్లలకి నేర్పి, ఇక్కడ స్థిరపడిన మనిషి. సంఘానికి పెద్ద.

"వినండయ్యా. ఇవాళ్టి నుంచి ఈ సంఘంలో రోగం మాట ఎత్తినవాడు లేచి నిలబడి పాట పాడాలి. మొదటి నుంచి చివరిదాకా. శ్రుతి తప్పితే మళ్ళీ మొదటి నుంచి," అన్నారు.

ఆ వారంలోనే రొంప పట్టిందన్నందుకు తిరుమలరావు ఒకే పాటని మళ్ళీ మళ్ళీ పాడాడు. కింద కొట్లో యూరియాకి వచ్చిన రైతులు బస్తాలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. ఆ దెబ్బతో సంఘంలో రోగాలన్నీ కుదిరిపోయాయి. తుమ్మొచ్చినా కిటికీ దగ్గరికి పోయి, వీధిలో ఎవరినో పిలుస్తున్నట్టు తుమ్మేవారు.

నరసింగరావుకి పాటంటే పామే. చిన్నప్పుడు పల్లెలో భజనకి కూర్చుంటే భజన పెద్ద పక్కకొచ్చి, "నాయినా, నువ్వు తాళమెయ్యి. నోరు తెరు గానీ సప్పుడు మాత్రం సెయ్యకు," అన్నాడు. అప్పట్నుంచి ఎన్ని భజనల్లో కూర్చున్నా పెదాలాడించడమే గానీ గొంతు కలిపింది లేదు. అలాంటివాడు సంగీతం మేష్టారి ముందు నిలబడి పాడడమే!

అలాంటివాడికి కుడి మోకాలు పట్టుకుంది.

వేసవిలో మొదలైంది. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. మెట్టెక్కితే లోపల ఎవరో జంతికల గొట్టం తిప్పుతున్నట్టు ఉండేది. సంఘంలో చెబుదామంటే పాట. పోనీ పాటొక్కటే అయితే కళ్ళు మూసుకుని ఏదో అరిచేసేవాడేమో. దానికంటే పెద్ద భయం ఇంకొకటుంది. అది పోతురాజు కుర్చీ.

పోతురాజుది సింగుపురం పక్క పల్లె. కబుర్లలో మొనగాడు. రోజూ ఆటోలో వచ్చి, పకోడీ వేడి చల్లారకముందే అందర్నీ నవ్వించి పోయేవాడు. అలాంటివాడు ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఫోను చేస్తే "పొలం పనులురా" అన్నాడు. మళ్ళీ చేస్తే మళ్ళీ పొలం పనులే అన్నాడు. కొన్నాళ్ళు అడిగారు, కొన్నాళ్ళు తలుచుకున్నారు. ఒకరోజు ఎవరో తాగేనీళ్ళ డబ్బా పట్టుకొచ్చి, పెట్టడానికి చోటు లేక పోతురాజు కుర్చీ మీద పెట్టారు. అంతే. అది నీళ్ళ డబ్బా కుర్చీ అయిపోయింది. కప్పు పట్టుకుని ఆ డబ్బా దగ్గరికి పోయినప్పుడల్లా నరసింగరావు గుండెలో ఒకటే మాట: నాను మేడెక్కలేనని తెలిస్తే నా కుర్చీ మీద ఏటెడతారో.

అందుకని చెప్పలేదు. ఆరింటికి సంఘమైతే ఐదున్నరకే పోయి, ఎవరూ చూడకుండా, కటకటాలు పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి ఎక్కేవాడు. పైకి పోయి చూస్తే మేష్టారు అప్పటికే కూర్చుని ఉండేవారు. మర్నాడు ఇంకా ముందు పోయాడు. గిరిబాబు ఉన్నాడు. ఇంకా ముందు పోతే అందరూ ఉన్నారు. చూస్తూ చూస్తూండగా ఆరింటి సంఘం నాలుగింటి సంఘమైపోయింది. ఇక దిగేటప్పుడు ఆ మర్యాదలు చూడాలి.

"నువ్వు దిగు బావా."

"నాకేటి తొందర, ముందు నువ్వు దిగు."

"మేష్టారు దిగాక మనం దిగుదాం మావా, పెద్దోరు గదా," అని గిరిబాబు.

"అబ్బే, మీరు పదండయ్యా, నేను దీపం ఆర్పి వస్తాను," అని మేష్టారు.

ఒకరి ఎదట ఒకరు దిగలేక రాత్రి భోజనాల వేళ దాటిపోయేది. ఇళ్ళల్లో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. "ఏటి నేస్తాలమ్మా ఈల్లవి! ఇడిసిపెట్టి ఉండలేకపోతన్నారు," అనుకునేవారు.

కార్తీకం వచ్చింది. ఈ ఏడు వనభోజనాలు ఎక్కడా అని మాటొచ్చింది. సముద్రమంటే కళింగపట్నం పోయినేడే చూశారు. మేష్టారు ఏ ధ్యాసలో ఉన్నారో, "శాలిహుండం కొండ మీద బాగుంటుంది," అనేశారు. బౌద్ధుల స్తూపాలున్న కొండ. పైకెక్కితే కింద వంశధార, దూరంగా సముద్రం, కళ్ళకి పండగే. గదిలో అందరూ టీ కప్పులు ఎత్తి మూతికి ఆనించుకున్నారు. వద్దంటే ఎందుకంటారు. ఎందుకంటే కారణం చెప్పాలి. చెబితే పాట.

"ఓ, బెమ్మాండం!" అన్నాడు తిరుమలరావు, గొంతులో ఉత్సాహం లేకుండా.

"కొండేటి, గుట్ట అది. పరిగెత్తుకుని ఎక్కీమా!" అన్నాడు గిరిబాబు.

ఎప్పుడూ ఏ సలహా ఇవ్వని నరసింగరావు అప్పుడు గొంతు సవరించుకున్నాడు. మోకాలికి తను కట్టుకునే పట్టీ ఫేంటులో ఉబ్బెత్తుగా కనబడుతుందని ఆయన దిగులు. "నాకొకటి తోసింది. ఈపాలి అందరం పొందూరు ఖద్దరు పంచెలు కట్టుకెల్దాం. పెద్దమనుసుల్లా ఉంటాం," అన్నాడు.

"భేష్!" అన్నారు అందరూ ఒక్కసారే. ఏ మాటకీ ఒక్కపట్టాన ఒప్పుకోని మనుషులు అంత జోరుగా ఎందుకు ఒప్పుకున్నారో అప్పుడే అనుమానం రావాలి. నరసింగరావుకి రాలేదు. తన తెలివికి తానే మురిసిపోయి ఇంటికొచ్చాడు.

ఆ ఆదివారం తెల్లారకముందే దేముడమ్మ లేచి ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేసి, పెద్ద క్యారేజీలో సర్దింది. ఆ తరవాత నువ్వులనూనె వెచ్చబెట్టి మొగుడి మోకాలికి మర్దనా చేసి పట్టీ బిగించింది. చేతులు ఎంత మెత్తనో నోరు అంత కరుకు.

"ఆ కొండమీద నీకేటి పనుందయ్యా? సీతమ్మోరిని తేవాలా, సంజీవి తేవాలా?"

"ఒల్లకోయే, అరవకు. అందరూ ఎల్తన్నారు."

"మోకాలు నొప్పని ఒక్క ముక్క సెప్పడానికి నోరు నేదేటి?"

"సెప్తే పాట పాడమంటారు."

"పాడు. ఏటౌతాది? మా అయితే ఆల్లకి సెవులు పోతాయి. నీకు మోకాలు మిగులుతాది." పంచె కుచ్చిళ్ళు సరిచేస్తూ ఒక్క చూపు చూసింది. "నీ కుర్చీ ఎవుడూ ఎత్తుకుపోడులే."

ఆమెకెలా తెలిసిందో అని నరసింగరావు తెల్లబోయాడు. మంచంలో పక్కకి తిరిగి గొణుక్కునే మొగుడి పక్కన ఇన్నేళ్ళు పడుకున్న మనిషికి తెలియనిదేముంటుంది?

వేను గిరిబాబే తోలాడు. అందరూ మల్లెపువ్వుల్లా తెల్లటి పంచెల్లో మెరిసిపోతున్నారు. మేష్టారి చేతిలో ఒక ఉసిరికొమ్మ. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద తినాలి, కొండమీద చెట్టు ఉంటుందో ఉండదో అని కొమ్మే తెచ్చారు. మిఠాయి కొట్టు ఎల్లాజీ అరిసెల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మడపాం వంతెన మీద గాలి రివ్వున కొట్టింది. వంశధార ఇసక పాయలుగా మెరుస్తోంది. రెండు పక్కలా వరి పండి బంగారంలా వంగి ఉంది. దారి పొడుగునా పరాచికాలే.

"ఓరి బావా, నీ పంచె సూస్తే పెళ్ళికొడుకువనుకుంతారు!"

"నీది సూస్తే పెళ్ళి సేయించే పంతులనుకుంతారు. మేష్టార్ని అడుగు."

కొండ కింద వేను దిగాక పరాచికాలు తగ్గాయి. అందరూ తలలెత్తి పైకి చూశారు. తలో క్యారేజీ చేతపట్టుకుని బయల్దేరారు.

పదడుగులు వేశారో లేదో తిరుమలరావు ఆగిపోయి నది వేపు చెయ్యి చాపాడు. "అదిగో, ఆ సేను సూసారా? అంత ఏపుగా ఎందుకున్నాదో సెప్పండి?" అని, ఏ ఎరువు ఎప్పుడు వెయ్యాలో తీరిగ్గా చెప్పాడు. కొట్లో కొనడానికొచ్చిన వాడికి కూడా అంత ఓపిగ్గా చెప్పి ఎరగడు. అందరూ ఎంతో శ్రద్ధగా విన్నారు. మరికాస్త ఎక్కాక గిరిబాబు ఫోను తీసి, ఇక్కడ సిగ్నలుందో లేదో చూడాలన్నాడు. అందరూ చూడాలన్నారు. ఇంకాస్త పోయాక ఎల్లాజీ చెప్పు తెగిందని కూర్చున్నాడు. చెప్పు చూస్తే బాగానే ఉంది. "తెగేలా ఉన్నాది," అన్నాడు. మేష్టారు ఒక పాత ఇటుకని చూపించి బుద్ధుడి పుట్టుక దగ్గర్నుంచి మొదలెట్టారు. మామూలుగా అయితే తిరుమలరావు సగంలో అడ్డుపడేవాడు. ఇవాళ, "ఇంకా సెప్పండి మేష్టారూ, తరవాతేటైంది?" అని అడిగాడు.

ఎవరు ఆగినా నరసింగరావుకి దేవుడు ఆగినట్టే ఉంది. నా అదృష్టం బాగుంది, వీళ్ళకి కబుర్లెక్కువ, అనుకున్నాడు. కానీ బుద్ధుడు కూడా ఎంతసేపని ఆదుకుంటాడు? కొండ నడుముకి చేరేసరికి మోకాలు బిగుసుకుపోయింది. ముందుకి కాలు పడలేదు. దారి పక్కన ఒక బండ కనబడితే దానిమీద కూలబడ్డాడు.

"ఏటైంది బావా?" అన్నాడు తిరుమలరావు.

నరసింగరావు కళ్ళముందు నీళ్ళ డబ్బా కనబడింది. "ముల్లు," అన్నాడు. "కాల్లో ముల్లు గుచ్చుకున్నాది."

ఆ మాట వినగానే అందరి మొహాలూ వెలిగిపోయాయి. అవతలివాడి కాల్లో ముల్లు గుచ్చుకుంటే అంత సంతోషించిన స్నేహితులు లోకంలో ఉండరు.

"అయ్యయ్యో! ముల్లు తియ్యకుండా అడుగెయ్యకూడదు," అని మేష్టారు ఎదటి బండ మీద కూర్చుండిపోయారు.

"తీద్దాం. తీరిగ్గా తీద్దాం," అని తిరుమలరావు కింద చతికిలబడి బావ పాదం ఒళ్ళో పెట్టుకున్నాడు. గిరిబాబు కళ్ళజోడు తగిలించుకున్నాడు. ఎల్లాజీ పిన్నీసు వెతికాడు.

"ఉండండొరే, ముల్లు గుచ్చుకోడం రోగం కిందకొస్తాదా? పాట పాడాలేమో సూడండి మేష్టారూ," అన్నాడు గిరిబాబు.

మేష్టారు గడ్డం పట్టుకుని ఆలోచించారు. "రాదు. రోగం లోపల్నుంచి వస్తుంది. ముల్లు బయట్నుంచి వస్తుంది," అని తీర్పు చెప్పారు.

వెతికారు. మడమ వెతికారు, వేళ్ళ సందులు వెతికారు. ఎడంకాల్లో ఉందేమోనని అదీ వెతికారు. పొలంలో అరిగి రాయిలా అయిన ఆ పాదాల్లో ముల్లు దిగాలన్నా దిగదు. అయినా ఒక్కడూ "లేదు" అనలేదు. ఆఖరికి వెతకడానికి చోటే మిగల్లేదు.

"సరే మరి, పోదామా?" అన్నారు మేష్టారు.

"పదండి," అన్నాడు తిరుమలరావు.

"పదండి," అన్నాడు గిరిబాబు.

ఎవరూ లేవలేదు. పై నుంచి గాలి వీస్తోంది. పక్కనే మేకలు గడ్డి కొరుకుతున్నాయి. నరసింగరావు బండమీద చెయ్యానించి లేవబోయాడు. సగం లేచి, "అమ్మా" అని మళ్ళీ కూలబడ్డాడు. తల ఎత్తలేదు. పోతురాజు కూడా ఎక్కడో ఇలాగే కూలబడి ఉంటాడా అనిపించింది. వాడు చెప్పకుండా పోయాడు. చెప్పినవాడి కుర్చీ సంగతి తెలీదు గానీ, చెప్పనివాడి కుర్చీ మీద నీళ్ళ డబ్బా పెట్టడం మాత్రం కళ్ళారా చూశాడు.

"ముల్లు నేదు మేష్టారూ," అన్నాడు. "మోకాలు. వేసంగి కాడ్నించీ ఇదే గొడవ. నాను కొండెక్కలేను. మీ మేడా ఎక్కలేను. మెట్టు మెట్టుకీ దేముడు కనపడతన్నాడు."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నరసింగరావుకి అది ఇంకోలా అర్థమైంది. "కట్టుబాటు నాకు తెలుసు. పాడతాను," అని తిరుమలరావు భుజం పట్టుకుని నిలబడ్డాడు.

పాడాలంటే పాట రావాలి కదా. ఆయనకి వచ్చినది ఒక్కటే. కళ్ళంలో ఎడ్లని తోలి నూర్పిళ్ళు చేసిన రోజుల్లో, ఎద్దు ఆగితే అదిలించే కేక. అది పాటో కాదో ఆయనకే తెలీదు. కళ్ళు మూసుకుని, రొమ్ము నిండా గాలి పీల్చి అందుకున్నాడు.

"హోయ్... హోరి నల్లోడా, తిరగొరే తిరుగు! కుప్ప సుట్టూ తిరిగొస్తే కుడితి తొట్టి నీదిరా... హోయ్... హోరి సుక్కోడా, ఆగితే నీ అమ్మ మీదొట్టు..."

ఆ గొంతు కొండకి తగిలి తిరిగొచ్చింది. మేకలు తలలెత్తి చూసి, ఒక్క గెంతులో కిందకి లగెత్తాయి. వాటి వెనక కాపరి. చెట్టుమీది కాకులు లేచిపోయాయి. కింద ఎక్కడో వేను నీడన పడుకున్న కుక్క మొరిగింది. నరసింగరావు ఆపలేదు. ఒకసారి గొంతు విప్పాక ఆపడం చేతకాలేదు. నల్లోడూ సుక్కోడూ కుప్ప చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.

మొదట ఎల్లాజీ కండువాతో నోరు మూసుకున్నాడు. తరవాత గిరిబాబు కిచకిచమన్నాడు. ఆ తరవాత మేష్టారు, ఎన్నడూ పళ్ళు కనబడేలా నవ్వని మేష్టారు, బండమీద పక్కకి ఒరిగిపోయి, పొట్ట పట్టుకుని, కట్టుడుపళ్ళు జారకుండా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"శ్రుతి... శ్రుతి తప్పింది గాబోలు మేష్టారూ, మల్లా పాడమంటారేటి?" అన్నాడు నరసింగరావు బెదురుగా.

"వద్దు నాయనా, వద్దు! శ్రుతి ఉంటే కదా తప్పడానికి!"

నవ్వి నవ్వి అలిసిపోయాక గిరిబాబు ఊపిరి తీసుకుని, "మావా, ఏదీ, ఆ పట్టీ ఓపాలి సూపించు," అన్నాడు. నరసింగరావు పంచె పైకెత్తాడు. మోకాలికి గోధుమరంగు పట్టీ. గిరిబాబు దాన్ని చూసి తన పంచె ఎత్తాడు. ఎడం మోకాలికి అదే పట్టీ, అదే రంగు.

"ఇది క్లచ్చి కాలు మావా. ఉద్యోగం వొగ్గేసినా ఇది నన్ను వొగ్గలేదు."

తిరుమలరావు చొక్కా ఎత్తాడు. నడుముకి జానెడు వెడల్పు బెల్టు. ఎల్లాజీ చెప్పు విప్పాడు. లోపల దూదిలాంటి మెత్త. "మడమ శూల. నేలమీద కాలానిస్తే సూదులే," అన్నాడు. వచ్చినవాళ్ళంతా కొండ నడుమ నిలబడి పంచెలెత్తి, చొక్కాలెత్తి, ఒకరి పట్టీలు ఒకరికి చూపించుకుంటూంటే, పైనుంచి దిగుతున్న ఎవరో మొగుడూపెళ్ళాలు చూసి, మొహాలు పక్కకి తిప్పుకుని గబగబా వెళ్ళిపోయారు.

"ఒరే, పట్టీ ఎక్కడ కొన్నావు?"

"బస్టాండు ఎదర మందులకొట్లో."

"నానూ అక్కడే. ఎవులికీ సెప్పొద్దని ఆడికి మరీ మరీ సెప్పాను."

"నానూ సెప్పాను! ఆడెంత మంచోడురా, ఒక్క ముక్క జారనీలేదు."

అప్పుడు అందరూ మేష్టారి వేపు తిరిగారు. ఆయన ఉసిరికొమ్మని ఒళ్ళో అటూ ఇటూ తిప్పుతున్నారు. "నాకు పట్టీ లేదండీ," అన్నారు. "పట్టీ వేసే చోటు కాదు. ఆయాసం. నాలుగు మెట్లెక్కితే గొంతు పెగలదు. పాట ఎత్తుకుంటే చరణం దాకా ఊపిరి రాదు. అసలు ఆ కట్టుబాటు పెట్టింది గిరిబాబు గొట్టం గురించి కాదు. మీరంతా మీ బాధలు చెప్పుకుంటుంటే, ఏదో ఒకరోజు నేనూ నోరు జారతానని."

"అయితే కొండెక్కుదామని సెప్పింది మీరే గదా మేష్టారూ!" అన్నాడు తిరుమలరావు.

"మీలో ఎవరో ఒకరు వద్దంటారనుకున్నానయ్యా! ఒక్కడైనా అన్నాడా?"

మళ్ళీ నవ్వులు. అప్పుడు నరసింగరావుకి ఒక సంగతి గుర్తొచ్చింది. "రోగం మాటెత్తారు మేష్టారూ. కట్టుబాటు," అన్నాడు. అనేశాక నాలిక్కరుచుకున్నాడు.

మేష్టారు లేవలేదు. కూర్చునే, తొడమీద చిన్నగా తాళమేసుకుంటూ, చిన్న పిల్లలకి నేర్పే లాలిపాటొకటి సన్నగా అందుకున్నారు. మధ్యలో ఊపిరి అందక ఆగారు. గిరిబాబు తాళం ఆపకుండా పట్టాడు. తరవాతి ముక్క తిరుమలరావు అందించాడు. అలా ఒకరు ఆగితే ఒకరు పట్టుకుని ఆ పాటని చివరిదాకా తీసుకుపోయారు. నరసింగరావు అలవాటుగా పెదాలే ఆడిస్తుంటే, మేష్టారు చేత్తో 'గొంతు, గొంతు' అని సైగ చేశారు. ఆయన గొంతు కలిపాడు. పాట పాడైపోయింది. ఎవరికీ పట్టలేదు.

మేష్టారు ఉసిరికొమ్మని ఆ బండ పక్కనే మట్టిలో గుచ్చారు. "ఇదే వనం. కూర్చోండి," అన్నారు. అక్కడే క్యారేజీలు విప్పారు. దేముడమ్మ పనసపొట్టు కూర ముందు అయిపోయింది. కంద బచ్చలి, పులిహోర, గుమ్మడికాయ పులుసు, ఎల్లాజీ అరిసెలు. చేతులు కడిగే వేళకి తిరుమలరావు పెద్ద క్యారేజీలో ఒక గిన్నె మూత పెట్టి పక్కన పెట్టాడు.

"అదెవరికి బావా?" అన్నాడు నరసింగరావు.

"నువ్వెవరి గురించి ఆలోచిస్తన్నావో ఆడికే."

వేను తిరుగుదారిలో సింగుపురం దగ్గర పల్లెలోకి మళ్ళింది. పోతురాజు అరుగు మీద నులకమంచం వేసుకుని కూర్చుని ఉన్నాడు. వేనులోంచి ఒక్కొక్కరే మూలుగుతూ దిగుతున్న తెల్లపంచెల్ని చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఏటిరా ఇలగొచ్చీసారు! ఈమద్దిన పొలం పనులు ఎక్కువైపోనాయిరా, అందుకే..."

"పొలమేటి, పొలం!" అని లోపల్నుంచి ఆయన భార్య యమున కేకేసింది. "రెండు మోకాల్లూ పోయి కూకున్నాడు. ఆ మేడ మెట్లు ఎక్కలేను, సెప్తే పాట పాడమంటారని, నెలల తరబడి నా పేణం తీస్తన్నాడు. తీసుకుపోండి నాయినా, మీకు పున్నెముంటాది."

పోతురాజు తలొంచుకున్నాడు. ఓరకంట చూసి, "రోగం మాటెత్తింది నాను కాదు. అదీ," అని లోపలికి చెయ్యి చూపించాడు.

నరసింగరావు గిన్నె ఆయన ఒళ్ళో పెట్టాడు. "నీ కుర్చీ మీద నీల్ల డబ్బా పెట్టీసాం పోతురాజా. తప్పైపోనాది. రేపు నువ్వొచ్చి దాన్ని దింపాలి."

"దింపుతాను గానీ, మేడ?"

"మేడెందుకురా?" అన్నాడు తిరుమలరావు. "కింద నా గోడౌను నేదేటి?"

మర్నాడు సాయంత్రం సంఘం కిందకి దిగింది. యూరియా బస్తాలు ఒక పక్కకి నెట్టి కేరమ్స్ బల్ల వేశారు. పోతురాజు ఆటోలో వచ్చి, నీళ్ళ డబ్బాని వేలితో చూపించి, "ఇది ఎవుడి మనవడ్రా, నా కుర్చీలో కూకున్నాది?" అన్నాడు. డబ్బా ఒక బస్తా మీదకి పోయింది. సంఘం మళ్ళీ ఆరింటికే మొదలైంది. వేళకే ముగిసింది కూడా. కట్టుబాటు మాత్రం తీసెయ్యలేదు. తీసేద్దామని మేష్టారంటే ఒక్కడూ ఒప్పుకోలేదు. ఇప్పుడు రాగానే ఎవరి నొప్పి వాళ్ళు గబగబా చెప్పేస్తారు, పాట వంతు వస్తుందని. వచ్చే నెల విహారం ఎక్కడికో కూడా తీర్మానమైపోయింది: గిరిబాబు వేనులో అందరూ కలిసి శ్రీకాకుళం, ఎముకల డాక్టరు దగ్గరికి. పులిహోర ఎల్లాజీ తెస్తాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం దేముడమ్మ కోడలితో కూరలకి పోయి బజారు వెంట వస్తోంది. ఎరువుల కొట్టు దగ్గరికొచ్చేసరికి లోపల్నుంచి భూమి దద్దరిల్లే కేకలు. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"అత్తయ్యా, ఏటది? గోడౌనులో ఎవరైనా గేదెను కట్టీసారా?" అంది అనిత.

దేముడమ్మ కూరల సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. కాసేపు చెవొగ్గి విన్నది. నల్లోడు, సుక్కోడు, కుడితి తొట్టి. పెళ్ళైన ఇన్నేళ్ళకి మొగుడి గొంతు పాటలో వినడం అదే మొదలు.

"గేదె కాదులే, మీ మావ," అంది. "బేగి పద. ఇది ఇప్పుడప్పుడే అవదు."

అనిత నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే అత్తగారు అక్కడే, కొట్టు గోడకి ఆనుకుని, సంచి కింద పెట్టి నిలబడి ఉంది.